మర్యాద వద్దు, బారీ కావాలి

అస్తిత్వం గురించి రాయమన్నారు. ముస్లిం అస్తిత్వం అనగానే ఏం రాస్తామో అందరికీ ముందే తెలుసు. 1992 డిసెంబర్ 6 రాస్తాం. కర్ఫ్యూ రాస్తాం. బురఖా, తలాఖ్, కిరాయికి ఇల్లు దొరక్కపోవడం రాస్తాం. రాయాలి కూడా. అవేవీ ఇంకా పాతబడలేదు. కానీ నాకిప్పుడు నలభై ఐదేళ్ళు. ఇన్నేళ్ళలో కర్ఫ్యూలో గడిపిన రోజులు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. రోడ్డు మీద గడిపిన రోజులు లెక్కకందవు. ఆఫీసుకి పోనూ రానూ రోజుకి రెండు గంటలు బండి మీదే ఉంటాను. నేను ముస్లింనని నాకు ఎక్కువసార్లు గుర్తుచేసింది కూడా ఆ రెండు గంటలే. అందుకే రోడ్డు గురించి రాస్తున్నాను. లైన్ తప్పి దూరేవాడి గురించి, హారన్ గురించి, రాంగ్ రూట్ గురించి. ఇదేం అస్తిత్వం అని నవ్వకండి. చివరిదాకా చదివి అప్పుడు నవ్వండి.

నేను పోయేది మెహిదీపట్నం నుంచి గచ్చిబౌలి రోడ్డు. పాత ముంబై హైవే అంటారు. రేతిబౌలి, నానల్‌నగర్, టోలీచౌకి, షేక్‌పేట, రాయదుర్గం. దారిలో ఒక పక్కకి తిరిగితే గోల్కొండ, కుతుబ్‌షాహీల సమాధులు. తిన్నగా పోతే కంప్యూటర్ కంపెనీలు. రెండిటి మధ్యలో మేం. బిర్యానీ హోటళ్ళు, గల్ఫ్ టికెట్ల దుకాణాలు, మసీదులు, ఇంగ్లీషు మీడియం స్కూళ్ళు, ఇరుకు గల్లీల్లో నాలుగంతస్తుల మేడలు. పొద్దున తొమ్మిదింటికి నగరం సగం మా ఇళ్ళ ముందు నుంచే కొలువుకి పోతుంది. సాయంత్రం ఏడింటికి మళ్ళీ మా ఇళ్ళ ముందు నుంచే తిరిగొస్తుంది. పోయేటప్పుడు, వచ్చేటప్పుడు మమ్మల్ని తిట్టుకుంటుంది.

ఈ రోడ్డుకి ఏమీ చెయ్యలేదని అనను. 2009 అక్టోబర్‌లో మెహిదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా 11 కిలోమీటర్ల పైచిలుకు పీవీ ఎక్స్‌ప్రెస్‌వే వచ్చింది. అది ఎయిర్‌పోర్టుకి పోయేవాళ్ళ తొందర కోసం. కింద ఉన్నవాళ్ళకి దాని స్తంభాలు మిగిలినయ్. ఇప్పుడు అడ్రసు చెప్పాలంటే ఫలానా పిల్లర్ నెంబర్ దగ్గర అని చెప్తాం. 2022 జనవరి 1న షేక్‌పేట ఫ్లైఓవర్ తెరిచారు. 2.8 కిలోమీటర్లు, ఆరు లేన్లు. సెవెన్ టూంబ్స్ నుంచి విస్పర్ వ్యాలీ దాకా నాలుగు కూడళ్ళు దాటిస్తుంది. సంతోషమే. నేనూ రోజూ దాని మీదే పోతున్నాను. కాకపోతే దాని మొదట్లో ఆగేవాళ్ళం దాని చివర్లో ఆగుతున్నాం. మెట్రో 2019 నవంబర్‌లో రాయదుర్గం దాకా వచ్చింది. హైటెక్ సిటీ వైపు నుంచి వచ్చి అక్కడే ఆగింది. పాతబస్తీ సంగతీ అదే. 2020 ఫిబ్రవరిలో ఎంజీబీఎస్ దాకా వచ్చిన మెట్రో మూసీ దగ్గరే నిలబడిపోయింది. అవతలి ముక్కకి 2024 మార్చిలో గానీ శంకుస్థాపన జరగలేదు. ముస్లింల జనాభా ఎక్కువున్న ఊళ్ళకి పక్కా రోడ్లు, బస్‌స్టాపులు తక్కువని 2006లోనే సచార్ కమిటీ రాసింది. పల్లెకైనా పట్నానికైనా లెక్క ఒకటే. బస్సు, రైలు సరిగ్గా రానిచోట సొంత బండ్లు పెరుగుతయ్. బండ్లు పెరిగితే జామ్ అయితది. జామ్ అయితే "ఈ ఏరియా జనం ఇంతే" అంటారు.

జామ్ ఎట్లా అవుతుందో రోజూ చూస్తాను గనక చెప్పగలను. ఫ్లైఓవర్ మొదట్లో రోడ్డు రెండుగా చీలుతుంది. పైకి పోయేవాళ్ళు కుడివైపు వరసలో ఉండాలి. కిందికి పోయేవాళ్ళు ఎడమవైపు ఉండాలి. పైకి పోయేవాళ్ళ వరస పొడుగ్గా ఉంటుంది. ఎడమవైపు కాస్త ఖాళీ కనబడుతుంది. ఒకడు ఆ ఖాళీలోంచి సర్రున చివరిదాకా వచ్చి, చీలిక దగ్గర బండి మూతి లోపలికి దూరుస్తాడు. వాణ్ణి తప్పించడానికి ఒకాయన బ్రేకు వేస్తాడు. ఆయన వెనకాయన ఇంకొంచెం గట్టిగా వేస్తాడు. ఇరవయ్యో బండి దగ్గరికి వచ్చేసరికి మొత్తం ఆగిపోతుంది. దూరినవాడు అప్పటికే ఫ్లైఓవర్ మీద ఉంటాడు. తన వెనక ఏం జరిగిందో వాడికి తెలీదు. కింద పోయేవాళ్ళ దారికి కూడా వాడు అడ్డంగా ఆగాడు కాబట్టి రెండు వరసలూ చెడినయ్. వాడికి కలిసొచ్చింది రెండు నిమిషాలు. ఆ రెండు నిమిషాలు ఆకాశం నుంచి ఊడిపడలేదు. వెనక నిలబడ్డ వందమంది దగ్గర తలా ఇంత గుంజుకున్నవే.

2008లో జపాన్‌లో నగోయా యూనివర్సిటీ పరిశోధకులు ఒక ప్రయోగం ప్రచురించారు. 230 మీటర్ల గుండ్రటి బాట మీద 22 కార్లు పెట్టారు. అందరూ గంటకి 30 కిలోమీటర్ల చొప్పున నడపండి అన్నారు. అక్కడ సిగ్నల్ లేదు. గుంత లేదు. అడ్డొచ్చే గేదె లేదు. ముస్లిం ఏరియా అంతకన్నా లేదు. అయినా కాసేపటికే జామ్ అయింది. ఒకరు కొంచెం నెమ్మదిస్తే వెనకవాళ్ళు ఇంకొంచెం నెమ్మదించారు. ఆ ఆగడం ఒక అలలాగ గంటకి 20 కిలోమీటర్ల చొప్పున వెనక్కి పాకింది. చదువుకున్న దేశంలో, నేర్చుకున్న డ్రైవర్లతో, ఎవరూ ఎవర్నీ మోసం చెయ్యకుండానే ఇది జరిగింది. మరి మూతి దూర్చేవాళ్ళు అడుగడుగునా ఉన్నచోట ఎట్లా ఉంటుందో ఆలోచించండి. జామ్‌కి ఒక ముద్దాయిని చూపించలేం. అందులో నిలబడ్డవాళ్ళందరం దాన్ని తయారుచేసినవాళ్ళమే. కానీ మనకి ముద్దాయి కావాలి. లేకపోతే కోపం ఎక్కడ దించుకోవాలి?

పోయినేడాది ఒకరోజు పొద్దున్నే ఆ వరసలోనే నిలబడ్డాను. హెల్మెట్ పెట్టుకుని, నా ముందున్న ఆటో వెనక, నా బారీ కోసం. బారీ అంటే వంతు. చిన్నప్పుడు గోలీలాటలో మొదట నేర్చుకున్న మాట అది. మేరీ బారీ, తేరీ బారీ. ఎడమవైపు నుంచి ఒక పెద్ద కారు వచ్చి ఆటోకీ దాని ముందు బండికీ మధ్యలో దూరింది. ఆటో రేకు గీరుకుంది. ఆటో ఆయన దిగి, "క్యా సాబ్, లైన్ దిఖతీ నై క్యా?" అన్నాడు. నేనూ, "సబ్ లైన్ మే ఖడే హై నా భాయ్" అన్నాను. కారు అద్దం దిగింది. లోపల మెడలో ఆఫీసు కార్డు వేసుకున్న మనిషి. తెలుగులోనే అన్నాడు.

"మీ ఏరియాలో ఒక్కడు రూల్స్ పాటించడు. మళ్ళీ మాకు చెప్తారా? మినీ పాకిస్తాన్ చేసి పెట్టారు."

నేను తెలుగులోనే జవాబిచ్చాను. "లైన్‌లో మేమిద్దరం నిలబడ్డాం. తప్పి వచ్చింది మీరు. రూలు ఎవరు పాటించనట్టు?"

ఆయన ఒక్క క్షణం నన్ను చూసి, "తెలుగు బాగానే మాట్లాడతావే" అన్నాడు. అద్దం పైకెత్తాడు. పోయాడు.

ఆటో ఆయన నా వైపు తిరిగి నవ్వాడు. ఆటో వెనకాల కొమురవెల్లి మల్లన్న బొమ్మ. "చూసినవా అన్నా, పొద్దుగాల మల్లన్నకు దండం పెట్టి బండి తీసిన. నన్ను గూడ పాకిస్తానోణ్ణి చేసిండు" అన్నాడు. ఈ నగరంలో పుట్టి పెరిగినవాడు కాబట్టి ఆయనకి కోపం ఉర్దూలో వస్తుంది. అంతే. నేనూ నవ్వాలనుకున్నాను. రాలేదు. ఆ మాట ఆయనకి ఒక పొరపాటు. సాయంత్రం ఇంట్లో చెప్పుకుని నవ్వుకునే ముచ్చట. నాకు అది నా ఇంటి అడ్రసు.

నా మట్టుకు నాకు ఆ తిట్టు కన్నా దాని వెనకున్న లెక్క ఎక్కువ బాధ పెట్టింది. కారాయన లైన్ తప్పాడు. రేపు కూడా తప్పుతాడు. ఆయన తప్పు ఆయన ఒక్కడిదే. దాన్ని బట్టి ఆయన కులాన్నో, ఆయన ఊరినో, ఆయన దేవుణ్ణో ఎవరూ అడగరు. అదే టోపీ పెట్టుకున్న కుర్రాడు ముగ్గుర్ని ఎక్కించుకుని రాంగ్ రూట్‌లో వస్తే, ఆ బండి మీద ముగ్గురు కాదు, దేశంలో ఉన్న ముస్లింలందరం కూర్చుని ఉంటాం. వాడు కట్టాల్సిన చలానా వాడు కట్టేస్తాడు. మిగతాది మేమందరం కడుతూ ఉండాలి. కూకట్‌పల్లిలో రాంగ్ రూట్ లేదా? దిల్‌సుఖ్‌నగర్‌లో ఫుట్‌పాత్ మీద బైకులు ఎక్కవా? అమీర్‌పేటలో ఫ్రీ లెఫ్ట్‌కి అడ్డంగా కార్లు ఆగవా? అక్కడ దాన్ని ట్రాఫిక్ సమస్య అంటారు. ఇక్కడ మా సంస్కృతి అంటారు.

బండ్లకి కూడా మతం తొడిగాం. రోజూ గంటసేపు ముందు బండి వెనక చూస్తూ నిలబడితే ఇంకేం కనబడుతుంది? 786. జై శ్రీరామ్. యేసు రక్షకుడు. మా కీ దువా. కోపంతో చూసే హనుమంతుడు. భక్తి తప్పని నేననను. కానీ దారి ఇవ్వాలా వద్దా అని ఆలోచించే క్షణంలో ఆ స్టిక్కర్ మీదికి కన్ను పోతున్నదా లేదా, ఎవరికి వాళ్ళు చెప్పుకోవాలి. మా అమ్మీ నా బండికి 786 అంటించమని చాలాసార్లు అడిగింది. దువా లోపల ఉంటే చాలు అమ్మీ అన్నాను. నిజం చెప్పాలంటే బండి మీద అచ్చయ్యే నా పేరు నాకు అక్కర్లేదు. జేబులో లైసెన్సు మీద ఉన్నది చాలు.

ఇంకో రకం స్టిక్కర్లున్నయ్. పోలీస్, అడ్వకేట్, ఎమ్మెల్యే, ప్రెస్. 2017 మే 1 నుంచి మంత్రుల కార్ల మీద ఎర్రబుగ్గలు తీసేశారు. బుగ్గ పోయింది గానీ బుద్ధి స్టిక్కర్ రూపంలో అద్దం మీదికి దిగింది. డెస్కులో మిత్రులు నన్నడుగుతారు, "నువ్వు జర్నలిస్టువి కదా, ప్రెస్ అని ఎందుకు రాయించుకోలేదు? మీకైతే ఇంకా పనికొస్తది" అని. మీకైతే అన్న మాట వాళ్ళు ప్రేమతోనే అంటారు. వాళ్ళకీ తెలుసన్నమాట. ఆ అయిదక్షరాల ఇంగ్లీషు ముక్క ఉంటే ఆపినవాడు ముందు దాన్ని చదువుతాడు. అది లేకపోతే పేరు చదువుతాడు. అందుకే నేను రాయించుకోలేదు. స్టిక్కర్ చూసి నన్ను వదిలితే, స్టిక్కర్ లేని మా గల్లీ పిల్లవాడి గతి ఏంటి?

మా అబ్బా ఆర్టీసీ డ్రైవర్. నల్గొండ జిల్లాలో ముప్ఫై ఒక్క ఏళ్ళు బస్సు నడిపి రిటైరయ్యాడు. ఆర్టీసీ అంటే ఆయనకి సర్కారీ నౌకరీ మాత్రమే కాదు. 1932లో నిజాం రైల్వే కింద 27 బస్సులతో మొదలైన సంస్థ అది. బస్సు నెంబర్లో జెడ్ అక్షరం నిజాం తల్లి జహ్రా బేగం పేరు మీద వచ్చిందని చెప్పుకుంటారు. ఆ సంగతి చెప్పేటప్పుడు అబ్బా గొంతు మారిపోయేది. ఊరూరా, రోజూ, లక్షలమంది హిందువులు ముస్లింలు ఎక్కి దిగే బస్సు నుదుటి మీద ఒక ముస్లిం తల్లి పేరు ఉందని ఆయన గర్వం. కథ నిజమో కాదో గానీ, ఆ గర్వంతో ఆయన ఆ బండికి ఎప్పుడూ చెడ్డపేరు తేలేదు.

అబ్బా దగ్గర కొన్ని నియమాలుండేవి. ముందు బండి వెనక టైర్లు నేలకి ఆనినచోటు కనబడేంత దూరంలో ఆగాలి. అంతకన్నా దగ్గరికి పోతే అది ఆగడం కాదు, మీద పడడం. రాత్రి ఎదురుగా బండి వస్తే ముందు నువ్వు లైటు డిమ్ చెయ్యి, వాడు చేస్తాడా లేదా అని చూడకు. ఘాట్ ఎక్కే బండికి దిగే బండి దారివ్వాలి. హారన్ ఉన్నది నేనొస్తున్నానని చెప్పడానికి, నీ అమ్మ అని చెప్పడానికి కాదు. ఆయన రోజుల్లో డ్రైవర్లు కుడిచెయ్యి బయటపెట్టి వెనక లారీకి పొమ్మని ఊపేవాళ్ళు. ఎదురు ఏమీ రావట్లేదని దాని అర్థం. వెనకవాడు ఆ చెయ్యిని నమ్మి పోయేవాడు. ఎవరి చెయ్యో చూసుకోకుండా తన ప్రాణం దాని మీద పెట్టేవాడు. ఇంతకన్నా పెద్ద మతసామరస్యం నేను ఏ సభలోనూ చూడలేదు.

ఇక్కడ నా పాఠకుల్లో కొందరు హైదరాబాద్ తహజీబ్ గుర్తుచేసుకుంటారు. పహలే ఆప్, పహలే ఆప్ అంటూ ఒకరికొకరు దారిచ్చుకునే రోజులు. ఉర్దూ ముషాయిరాల్లో, తెలుగు ఆదివారం పేజీల్లో దాని మీద ఎంత ప్రేమో! నాకూ ఆ మాట తీపే. కానీ పహలే ఆప్ ఎవరు ఎవరితో అనేవాళ్ళు? ఒక నవాబు ఇంకో నవాబుతో. టాంగావాలాతో ఎవరన్నారు? రిక్షా తొక్కేవాడికి ఎవరు దారిచ్చారు? మా దాదా చెప్పేవాడు, నిజాం సవారీ వస్తుంటే సీటీ ఊది రోడ్డు మొత్తం ఆపేవాళ్ళని. ఆగినవాళ్ళలో సాయిబులూ ఉన్నారు, మాదిగలూ ఉన్నారు. అది మా రాజ్యమట! ఆ రాజ్యంలో మా దాదా రోడ్డు పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఇవాళ మంత్రి కాన్వాయ్ పోతుంటే నేను బండి ఆపుకుని నిలబడుతున్నాను. తేడా ఏంటంటే అప్పుడు దాన్ని అదబ్ అన్నారు, ఇప్పుడు ప్రొటోకాల్ అంటున్నారు.

తహజీబ్‌లో ఇవ్వడం ఉంది. ఇచ్చేవాడి చెయ్యి పైన ఉంటుంది. వాడి మనసు బాగుంటే ఇస్తాడు, బాగాలేకపోతే లేదు. నాకు ఆ దయ అక్కర్లేదు. నాకు కావాల్సింది బారీ. నేను నీ తర్వాత వచ్చాను కాబట్టి నీ తర్వాత పోతాను. వాడు నా తర్వాత వచ్చాడు కాబట్టి నా తర్వాత పోతాడు. వరసకి ఇంతకు మించి ఏమీ తెలీదు. నీ పేరు అడగదు, నీ కారు ధర అడగదు. ఈ దేశంలో ఇంత సమానత్వం ఇంకెక్కడుంది చెప్పండి? అది ఊరికే రాలేదు కూడా. 1924, 1925లలో వైకోం గుడి చుట్టూ ఉన్న రోడ్ల మీద నడవడానికి అంటరాని కులాలు, వెనకబడ్డ కులాలు సత్యాగ్రహం చెయ్యాల్సొచ్చింది. గుడిలోకి కూడా కాదు, రోడ్డు మీదికి. మన ఊళ్ళలో దొర ఇంటి ముందు సైకిల్ దిగి చెప్పులు చేత్తో పట్టుకుని నడిచిన ముసలివాళ్ళు ఇంకా బతికే ఉన్నారు. రోడ్డు అందరిదీ అనే మాట వెనక అంత ఉంది. లైన్‌ తప్పి మూతి దూర్చేవాడు ట్రాఫిక్ రూలు ఒక్కటే తప్పట్లేదు. నేను నీకన్నా ముందు పోవాల్సినవాణ్ణి అంటున్నాడు. ఆ మాట మన దేశంలో చాలా పాతది.

చట్టం లేక కాదు. లేన్ మారేముందు సైగ చెయ్యాలి, వెనకవాడికి ఇబ్బంది లేదని చూసుకోవాలి. 1988 మోటారు వాహనాల చట్టాన్ని 2019లో సవరించినప్పుడు ఎదురుదారిలో నడపడాన్ని, ఎర్రలైటు దాటడాన్ని ప్రమాదకరమైన డ్రైవింగ్ కింద చేర్చారు. అంబులెన్స్‌కి దారివ్వకపోతే పదివేల రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ అన్నారు. రాతలో అన్నీ ఉన్నయ్. ఆచరణలో ఏం జరిగింది? 2022 మార్చిలో తెలంగాణలో పెండింగ్ చలానాల మీద రాయితీ ఇచ్చారు. టూవీలర్లు 25 శాతం కడితే చాలు. 2023 డిసెంబర్ చివర్లో మళ్ళీ ఇచ్చారు. ఈసారి 20 శాతమే. పేదవాళ్ళకి ఊరట, కాదనను. ఆటో నడిపేవాడికి వెయ్యి రూపాయలంటే మాటలు కాదు. కానీ టైముకి కట్టినవాడు పిచ్చివాడయ్యాడు. లైన్‌లో నిలబడ్డవాడికి అక్కడా అదే జరిగింది.

ఒక సంగతి ఒప్పుకోవాలి. రోడ్డు మీది కెమెరా అంటే నాకిష్టం. అది నెంబరు ప్లేటు చూస్తుంది, పేరు చూడదు. చేత్తో ఆపే మనిషి పేరు చదివాక ఆగుతాడు. ఎక్కడి నుంచి వస్తున్నావ్, ఎక్కడికి పోతున్నావ్ అని ఇంకో రెండు ప్రశ్నలు పడతయ్. కెమెరాకి ఆ రెండు ప్రశ్నలు రావు. ఆ ఇష్టం కూడా పూర్తిగా మిగల్లేదు. 2021లో పాతబస్తీలో స్కూటర్ మీద పోతున్న ఒక సామాజిక కార్యకర్తని ఆపి, మాస్క్ తీయమని అడిగి, ఫోటో తీశారు. నా మొహం మీకెందుకు అని ఆయన హైకోర్టుకి పోయారు. నెంబరు ప్లేటుతో ఆగే కెమెరా వేరు. మొహం కావాలనే కెమెరా వేరు. మొదటిది బండిని చూస్తుంది. రెండోది మళ్ళీ మనిషి దగ్గరికే వస్తుంది.

ఇక మనవాళ్ళతో. ఈ పుస్తకం మనవాళ్ళు కూడా చదువుతారు కాబట్టి గట్టిగానే చెప్పుకుందాం. ఎవడో మనల్ని తిడుతున్నాడు కాబట్టి మన పిల్లల రాంగ్ రూట్ రైటయిపోదు. జుమ్మా రోజు మసీదు ముందు మూడు వరసల్లో బండ్లు పెట్టి లోపలికి పోతున్నాం. గణేశ్ మంటపాలు లేవా, పెళ్ళి బరాత్‌లు లేవా, పార్టీ ర్యాలీలు లేవా అని అడుగుతాం. ఉన్నయ్. నేనూ వాటి వెనక నిలబడ్డాను. కానీ వాళ్ళు దారి మూస్తున్నారు కాబట్టి మనమూ మూస్తాం అనే మాట ఏ దీన్‌లో ఉంది? దారిలో కూర్చోవద్దనీ, కూర్చోక తప్పకపోతే దారి హఖ్ దారికి ఇవ్వమనీ ప్రవక్త చెప్పారు. దారి మీద నుంచి ముల్లునో రాయినో తీసెయ్యడం కూడా ఈమాన్‌లో ఒక కొమ్మ అని చిన్నప్పుడు మక్తబ్‌లో నేర్పారు. లోపల సజ్దాలో ఉన్నప్పుడు బయట మన బండే ఎవరి దారికో అడ్డం పడిన రాయి అయితే, ఆ కొమ్మ ఏమైనట్టు?

మా ఇళ్ళల్లో సగం మంది గల్ఫ్‌లో ఉన్నారు. మా బావమరిది దుబాయ్‌లో డ్రైవరు. అక్కడ తప్పు చేసిన కొద్దీ నల్ల పాయింట్లు పడతయ్. 24 చేరాయా, లైసెన్స్ పోతుంది. లైసెన్స్ పోతే నౌకరీ పోతుంది. పదిహేనేళ్ళుగా గీత దాటకుండా నడుపుతున్నాడు. సెలవుకి వచ్చి నా బండి తీసుకుని నానల్‌నగర్ దగ్గర ఎదురుదారిలో దూరాడు. ఇదేంటిరా అంటే "యహాఁ సబ్ చల్తా హై భాయ్" అన్నాడు. అదే మనిషి, అవే చేతులు. ఒక దేశం మారితే నడక మారింది. మా రక్తంలో ఏదో ఉందనేవాళ్ళు ఆ దుబాయ్ రోడ్డు మీద వాణ్ణి ఒకసారి చూడాలి.

మా ఆడపిల్లల మాట కూడా చెప్పాలి. సౌదీలో ఆడవాళ్ళు కారు నడపొచ్చని 2018 జూన్ 24న అనుమతి వచ్చింది. అంతకు ఎన్నో ఏళ్ళ ముందే టోలీచౌకిలో బురఖా వేసుకున్న మా చెల్లెళ్ళు స్కూటీల మీద కాలేజీలకి, ఆసుపత్రి డ్యూటీలకి పోతున్నారు. ఆ చెల్లెలు తన లేన్‌లో తాను పోతుంటే వెనక నుంచి ఆగకుండా హారన్ కొడతారు. పక్కకి నెడతారు. అందులో టోపీలవాళ్ళూ ఉన్నారు, బొట్లవాళ్ళూ ఉన్నారు. ఆ ఒక్క విషయంలో ఐకమత్యం ఉంది. ఆమె కొంచెం తడబడితే, ఆడదాని డ్రైవింగ్ అని ఒకమాట, వీళ్ళ డ్రైవింగ్ అని ఇంకోమాట. చలానా ఒకటే అయినా తిట్లు రెండు.

రెండేళ్ళ కింద ఒక రాత్రి అబ్బాకి ఛాతీలో నొప్పి వచ్చింది. అంబులెన్స్‌లో నేను ఆయన పక్కన కూర్చున్నాను. రేతిబౌలి దగ్గర ఆగిపోయాం. ముందంతా ఎర్రలైట్లు. సైరన్ మోగుతూనే ఉంది. బండ్లు అటూ ఇటూ అడ్డదిడ్డంగా దూరి ఉన్నయ్ కాబట్టి తప్పుకోవాలనుకున్నవాళ్ళకి కూడా తప్పుకునే చోటు లేదు. వరసలో ఉన్న బండ్లయితే ఒక పక్కకి జరుగుతయ్. వరస లేని బండ్లు ఎక్కడికి జరగాలి? అప్పుడు ఎవరెవరో దిగారు. ఒక ఆటో ఆయన, ఇద్దరు సరుకులు చేర్చే పిల్లలు, బస్సు కండక్టర్ ఒకామె. కార్ల అద్దాలు కొట్టారు, వెనక్కి తీయించారు, ఒక బైకుని ఎత్తి డివైడర్ మీద పెట్టారు. దారి వచ్చింది. లోపల ఎవరున్నారని ఒక్కరూ అడగలేదు. వాళ్ళ పేర్లు నాకూ తెలీవు.

అబ్బా బతికాడు. ఇంటికొచ్చాక ఒకరోజు నేను ఆ రాత్రి సంగతి చెప్తూ, జనం ఎంత మంచివాళ్ళో చూడు అబ్బా అన్నాను. ఆయన చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత అన్నాడు. "మంచివాళ్ళే బేటా. అల్లా వాళ్ళకి మేలు చెయ్యాలి. కానీ ఛాతీ నొప్పి వస్తే గానీ మనకి దారి దొరకదా? మామూలు రోజున, మామూలు మనిషికి దొరకాలి గదా."

నేను చెప్పాలనుకున్నది ఆయన నాలుగు మాటల్లో చెప్పేశాడు. వరదలొస్తే, అల్లర్లలో ఇళ్ళు కాలితే, కరోనా వస్తే మనవాళ్ళు ఒకరికొకరు అన్నం పెట్టుకుంటారు, రక్తమిస్తారు. పత్రికల్లో మేం బాక్సు కట్టి వేస్తాం. ఆ మంచితనం మీద నాకు అనుమానం లేదు. కానీ నేను బతికేది మామూలు రోజుల్లో. సోమవారం పొద్దున తొమ్మిదిన్నరకి, ఎవరికీ ఏ ఆపదా లేనప్పుడు, నా పక్కవాడు నన్ను తనతో సమానమైన మనిషిగా లెక్కపెడతాడా లేదా అన్నదే నాకు లెక్క.

ప్రధాన జనజీవన స్రవంతిలో కలవండి అని మాకు నా చిన్నప్పటి నుంచీ చెప్తున్నారు. రోజూ ఆ చీలిక దగ్గర నిలబడి చూస్తాను కాబట్టి కలవడం అంటే ఏంటో నాకు తెలుసు. పక్కదారి నుంచి వచ్చిన బండి ఎంత కలవాలనుకున్నా, లోపలున్న బండి కాస్త ఆగి చోటివ్వకపోతే కలవలేదు. హారన్ కొడుతూ, బంపర్‌కి బంపర్ ఆనించి నడుపుతూ, ఇంకా కలవలేదేంటి అని అడిగితే ఎట్లా? జర్మనీలో దీనికి చట్టమే ఉంది. ఒక లేన్ అయిపోయినచోట అటునుంచి ఒకటి, ఇటునుంచి ఒకటి, జిప్పు పళ్ళలాగ పోవాలి. అందులో దయ లేదు, పహలే ఆప్ లేదు. ఒకటి నీది, ఒకటి నాది. రెండు లేన్లూ కదులుతయ్.

కాబట్టి రేపు పొద్దున మా ఏరియా మీదుగా పోతున్నప్పుడు నాకు సలాం చెయ్యకండి. నా తెలుగు బాగుందని మెచ్చుకోకండి. నా ముందు పోవాల్సింది మీరైతే పోండి. నా తర్వాత వచ్చారా, నా తర్వాత పోండి. మనవాళ్ళకి కూడా ఇదే చెప్తున్నాను. శుక్రవారం మసీదుకి పోయేటప్పుడు బండిని గల్లీలో ఒక పక్కకి పెట్టి నాలుగడుగులు నడిచి రండి. మీ వెనక ఏ అంబులెన్స్ రానుందో, అందులో ఎవరి అబ్బా, ఎవరి నాన్న ఉన్నాడో మీకు తెలీదు.